కట్టిన పింఛను తక్కువైతే ఏం చేయాలి?

ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు ఎవరైనా పని చేస్తారు. సత్తువ తగ్గాక ఎట్లా బతకాలి? ఈ ప్రశ్న ప్రతి ఇంటికీ వస్తుంది. పొలం ఉన్నవారు పొలం వైపు చూస్తారు. సర్కారు ఉద్యోగం చేసినవారు సర్కారు పింఛను వైపు చూస్తారు. మరి ప్రైవేటు మిల్లులో పనిచేసే ఆడమనిషి ఎటు చూడాలి?

కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు మండలాల్లో వాన మీద ఆధారపడ్డ పొలాలు ఎక్కువ. వాన పడని ఏడు చాలామంది గుంటూరు వైపు మిరపకాయల సుగ్గికి పోతారు. కొందరు బెంగళూరుకు కూలికి పోతారు. మరి కొందరు ఆదోనిలో పని వెతుక్కుంటారు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులు ఉన్నాయి. నూనె మిల్లులు ఉన్నాయి. అక్కడ పనిచేసే కొందరికి నెలనెలా జీతంలో పి.ఎఫ్. కోస్తారు. పి.ఎఫ్. ఉన్నవారికి 58 ఏళ్లు నిండాక పింఛను వస్తుంది.

ఆ పింఛను ఎంత వస్తుందో చాలామందికి తెలియదు. పని మానే రోజు దగ్గర పడినప్పుడు అడుగుతారు. జవాబు విని దిగులు పడతారు. "ఇన్నేళ్లు కోశారు, ఇంతేనా?" అంటారు.

ఆ దిగులులో తొందరపడితే నష్టం ఇంకా పెరుగుతుంది. లెక్క తెలిస్తే చిన్న పింఛనుతో కూడా ఒక దారి దొరుకుతుంది.

పి.ఎఫ్. పింఛను ఎట్లా వచ్చింది?

మిల్లులు, ఫ్యాక్టరీల పనివాళ్ల కోసం 1952లో పి.ఎఫ్. చట్టం వచ్చింది. పని మానినప్పుడు చేతికి కొంత డబ్బు రావాలన్నది దాని ఉద్దేశం. తరువాత 1995 నవంబరు 16 నుంచి దానికి పింఛను పథకం తోడయింది. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట ఈ చట్టం వర్తిస్తుంది. కాంట్రాక్టరు కింద పనిచేసేవారు కూడా ఈ లెక్కలోకి వస్తారు.

పి.ఎఫ్. కోసే జీతం నెలకు 10,500 రూపాయలు అనుకుందాం. అప్పుడు లెక్క ఇట్లా ఉంటుంది.

పనిచేసే మనిషి జీతంలో నూటికి 12 రూపాయలు కోస్తారు. అంటే నెలకు 1,260 రూపాయలు. ఇది మొత్తం పి.ఎఫ్. ఖాతాకు పోతుంది.

మిల్లు యజమాని కూడా నూటికి 12 రూపాయలు కట్టాలి. అదీ 1,260 రూపాయలే. కానీ అది రెండు భాగాలవుతుంది. దాదాపు 875 రూపాయలు పింఛను ఖాతాకు పోతాయి. మిగిలిన 385 రూపాయలు పి.ఎఫ్. ఖాతాకు పోతాయి.

కాబట్టి రెండు మూటలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఒకటి పి.ఎఫ్. మూట. అది వడ్డీతో కలిపి ఒకేసారి చేతికి వస్తుంది. రెండోది పింఛను మూట. అది నెలనెలా వస్తుంది. పింఛను తక్కువని దిగులు పడేవారు పి.ఎఫ్. మూట సంగతి మరిచిపోకూడదు.

పింఛను లెక్క

ఈ లెక్క కష్టమైంది కాదు. కూడిక, గుణకారం, భాగహారం వస్తే చాలు.

చివరి 60 నెలల జీతం సగటు తీసుకోవాలి. దాన్ని పనిచేసిన ఏళ్లతో గుణించాలి. వచ్చిన దాన్ని 70తో భాగించాలి. అదే నెల పింఛను.

ఒక అక్క కౌతాళం నుంచి రోజూ బస్సులో ఆదోనికి పోతుంది అనుకుందాం. ఏడాది పొడవునా పని ఉన్న నూనె మిల్లులో 2015లో చేరింది. 2027లో ఆమెకు 58 ఏళ్లు నిండుతాయి. అంటే 12 ఏళ్ల పని. సగటు జీతం 10,500.

10,500ను 12తో గుణిస్తే 1,26,000.
1,26,000ను 70తో భాగిస్తే 1,800.

ఆమెకు నెలకు 1,800 రూపాయలు వస్తాయి. అంతకు మించి రావు. ధరలు పెరిగినా ఈ పింఛను దానంతట అదే పెరగదు.

ఈ పథకంలో పింఛను 1,000 రూపాయలకు తగ్గకూడదని 2014 సెప్టెంబరులో నియమం పెట్టారు. అదే నెల నుంచి పింఛను లెక్కకు తీసుకునే జీతానికి 15,000 రూపాయల హద్దు పెట్టారు. కనీస పింఛనును పెంచమని పింఛనుదారుల సంఘాలు చాలా ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ పెంపు వస్తుందని నమ్మి అప్పు చేయకూడదు. చేతికి వచ్చే లెక్క మీదనే ఇల్లు నడపాలి.

పక్కింటి అవ్వకు ఎక్కువ ఎందుకు?

ఇక్కడ ఆ అక్కకు ఒక బాధ కలుగుతుంది. పక్కింటి అవ్వ ఏనాడూ పింఛనుకు పైసా కట్టలేదు. ఆమెకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. 12 ఏళ్లు కోత కోయించుకున్న తనకు 1,800 వస్తాయి. ఇదేం న్యాయం అనిపిస్తుంది.

ఆ రెండూ వేరు వేరు. అవ్వకు వచ్చేది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సామాజిక పింఛను. అది పన్నుల డబ్బు నుంచి వస్తుంది. పేదరికం చూసి ఇస్తారు. ప్రభుత్వం పెంచితే పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛను 2014కు ముందు 200 రూపాయలు ఉండేది. 2014 అక్టోబరులో 1,000 అయింది. 2019 జనవరిలో 2,000 అయింది. 2024 జనవరిలో 3,000 అయింది. 2024 జులైలో 4,000 అయింది.

ఈ పింఛనుకు షరతులు ఉన్నాయి. మామూలుగా 60 ఏళ్లు నిండాలి. నేత పనివారికి 50 ఏళ్లకే ఇస్తారు. అందుకే ఎమ్మిగనూరు వైపు మగ్గం పట్టేవారికి ముందే వస్తుంది. వితంతువులకు వేరే పింఛను ఉంది. ఇంటి ఆదాయం చూస్తారు. భూమి చూస్తారు. కారు ఉందా అని చూస్తారు. కరెంటు వాడకం చూస్తారు. మామూలుగా ఒక రేషను కార్డుకు ఒక పింఛనే ఇస్తారు. అత్తకు పింఛను వస్తుంటే అదే కార్డులో ఉన్న కోడలికి రాకపోవచ్చు.

మరి పి.ఎఫ్. పింఛనుకు అత్తతో పని లేదు. కార్డుతో పని లేదు. ప్రభుత్వం మారినా అది ఆగదు. అది కూలి నుంచి పుట్టిన హక్కు. చిన్నదే, కానీ సొంతది.

60 నిండాక సామాజిక పింఛను కూడా వస్తుందా? ఈ మాట ఊరి సచివాలయంలో ముందే అడగాలి. రేషను కార్డు, ఆధార్ తీసుకుని పోవాలి. వస్తుందో రాదో, ఏ కారణం చేత రాదో చెప్పమనాలి. "వస్తుందిలే" అన్న మాట మీద ఇంటి లెక్క వేయకూడదు.

పదేళ్ల గీత

పి.ఎఫ్. పింఛను రావాలంటే పదేళ్ల పని ఉండాలి. ఇదే అన్నిటికన్నా పెద్ద గీత. చాలామంది ఆడవాళ్లు ఈ గీత దగ్గరే నష్టపోతారు.

ఒక అక్క తొమ్మిదేళ్లు పనిచేసింది అనుకుందాం. ఇంట్లో కూతురి పెళ్లి వచ్చింది. "పింఛను డబ్బు కూడా తీసేయి" అని ఇంట్లోవాళ్లు అంటారు. పదేళ్లకు తక్కువ అయితే ఆ డబ్బు తీసుకునే వీలు ఉంది. తొమ్మిదేళ్లకు తొమ్మిది నెలల జీతం కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. 10,500 జీతానికి లక్ష రూపాయల దగ్గర వస్తుంది. అంతటితో పింఛను హక్కు పోతుంది.

ఆమె ఇంకో ఏడాది పనిచేస్తే పదేళ్లు అవుతాయి. 58 నిండాక నెలకు 1,500 రూపాయలు వస్తాయి. ఆరేళ్లలో అది 1,08,000 అవుతుంది. లక్ష అక్కడికే తీరిపోయింది. ఆ తరువాత బతికి ఉన్నన్నాళ్లు నెలనెలా వస్తూనే ఉంటుంది.

పని ఆగిపోతే ఏం చేయాలి? అప్పుడు కూడా డబ్బు తీయనవసరం లేదు. 10-సి ఫారం పెట్టి పథకం సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అందులో పనిచేసిన ఏళ్లు రాసి ఇస్తారు. మళ్లీ ఎక్కడైనా పి.ఎఫ్. ఉన్న పనిలో చేరితే ఆ ఏళ్లు కలుస్తాయి. రెండు మిల్లుల్లో అయిదేసి ఏళ్లు చేసినా పదేళ్లే.

జిన్నింగు మిల్లుల సంగతి కొంచెం వేరు. అక్కడ పత్తి వచ్చే నెలల్లోనే పని ఉంటుంది. "నాకు ఏడాదికి ఆరు నెలలే పని, నాకు పదేళ్లు ఎప్పటికి నిండుతాయి?" అని కొందరు అడుగుతారు. సీజను పనివారికి పథకంలో ఒక మంచి నియమం ఉంది. సీజనులో చేసిన పని ఏడాదికి తక్కువైనా పింఛను లెక్కలో దాన్ని ఒక ఏడాదిగా తీసుకోవాలి. ఈ మాట తెలియక హక్కు వదులుకోకూడదు.

ముందే తీసుకోవాలా? ఆగి తీసుకోవాలా?

50 ఏళ్లు దాటి, పదేళ్ల పని ఉండి, పని మానేసిన వారు 58కి ముందే పింఛను అడగవచ్చు. కానీ ముందు తీసుకున్న ప్రతి ఏడాదికి నూటికి 4 రూపాయలు తగ్గిస్తారు. ఆ తగ్గింపు చివరిదాకా ఉంటుంది.

మన అక్క 57 ఏళ్లకే పని మానేసిందనుకుందాం. పని 11 ఏళ్లు. లెక్క ప్రకారం 1,650 రావాలి. ఒక ఏడాది ముందు కాబట్టి 66 రూపాయలు తగ్గుతాయి. 1,584 వస్తుంది. ఆగి ఉంటే 1,800 వచ్చేది. నెలకు 216 రూపాయలు ఎప్పటికీ పోయినట్టే. ఆ ఏడాది జీతం కూడా పోతుంది. ఒళ్లు సహకరిస్తే 58 దాకా పనిచేయడమే మేలు.

58 తరువాత ఆగితే? 60 దాకా ఆగవచ్చు. ఆగిన ఏడాదికి నూటికి 4 రూపాయలు పెరుగుతుంది. 1,800 పింఛను 59కి 1,872 అవుతుంది. 60కి దాదాపు 1,947 అవుతుంది. వినడానికి బాగుంది. కానీ ఆ రెండేళ్లలో రావలసిన 43,200 రూపాయలు రావు. పెరిగింది నెలకు 147 రూపాయలు. పోయిన 43,200 తిరిగి రావాలంటే 24 ఏళ్లకు పైగా పడుతుంది. ఇంట్లో అవసరం ఉన్నవారు ఆగడం వల్ల పెద్ద లాభం లేదు.

పింఛను కాక ఇంకా ఏం వస్తుంది?

పని మానే రోజు దగ్గర పడితే పింఛను ఒక్కటే చూడకూడదు. రావలసినవన్నీ ఒక కాగితం మీద రాయాలి.

మొదటిది పి.ఎఫ్. మూట. ఖాతాలో ఎంత ఉందో చూసుకోవాలి. పి.ఎఫ్.కు జతచేసిన ఫోను నుంచి 9966044425 నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే మెసేజీ వస్తుంది. డబ్బు ఏమీ కాదు.

రెండోది గ్రాట్యుటీ. ఒకే చోట అయిదేళ్లు విడవకుండా పనిచేసి మానేవారికి యజమాని ఇవ్వాలి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట ఇది వర్తిస్తుంది. ఏడాదికి 15 రోజుల జీతం లెక్క. నెలకు 26 రోజులుగా భాగిస్తారు. 10,500 జీతానికి 12 ఏళ్లకు దాదాపు 72,000 రూపాయలు వస్తాయి. సీజను పనికి సీజనుకు 7 రోజుల జీతం లెక్క. చాలామంది ఆడవాళ్లు ఈ డబ్బు అడగనే అడగరు. ఇది దయ కాదు. చట్టం ఇచ్చిన హక్కు.

మూడోది వైద్యం. మిల్లులో ఇ.ఎస్.ఐ. ఉండి, అయిదేళ్లకు తగ్గకుండా అందులో ఉండి, వయసు నిండి పని మానినవారికి ఒక వీలు ఉంది. ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ, భర్తకూ ఇ.ఎస్.ఐ. వైద్యం సాగుతుంది. బీపీ, షుగరు మాత్రలు కొనేవారికి ఇది చిన్న సాయం కాదు.

చేతికి వచ్చిన మూటను ఏం చేయాలి?

పి.ఎఫ్., గ్రాట్యుటీ కలిసి ఒకేసారి చేతికి వస్తాయి. ఇంత డబ్బు ఒక్కసారి చూడడం చాలామందికి అదే మొదలు. ఊరంతా తెలుస్తుంది. అడిగేవారు వస్తారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి.

మొదట అప్పు చూడాలి. ఒక ఇంటికి బయట 50,000 రూపాయల అప్పు ఉందనుకుందాం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నెలకు 1,000 రూపాయలు వడ్డీకే పోతాయి. ఆ 50,000ను అప్పు తీర్చకుండా పోస్టాఫీసులో వేస్తే ఎంత వస్తుంది? నూటికి ఏడాదికి 8 రూపాయల 20 పైసల లెక్కన నెలకు దాదాపు 342 రూపాయలు.

342 సంపాదించడానికి 1,000 పోగొట్టుకోవడం ఎందుకు? అప్పు తీరిస్తే నెలకు 1,000 రూపాయలు ఇంట్లోనే ఉంటాయి. 1,800 పింఛను వచ్చే ఇంటికి ఇది ఇంకో సగం పింఛను దొరికినట్టే.

అప్పు తీరాక మిగిలింది భద్రమైన చోట పెట్టాలి. పోస్టాఫీసులో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఉంది. 60 నిండినవారు చేరవచ్చు. 55 దాటి ఉద్యోగం నుంచి రిటైరైనవారు, డబ్బు చేతికి వచ్చిన మూడు నెలల్లోపు చేరవచ్చు. మూడు నెలలకు ఒకసారి వడ్డీ ఇస్తారు. 2023 ఏప్రిల్‌లో ఈ వడ్డీని నూటికి 8 రూపాయల 20 పైసలుగా పెట్టారు. ఆ లెక్కన లక్ష రూపాయలకు మూడు నెలలకు 2,050 వస్తుంది. కేంద్ర ప్రభుత్వం వడ్డీని మూడు నెలలకొకసారి చూస్తుంది. అందుకే వేసే రోజు ఎంత ఉందో అడగాలి. వేసిన రోజు ఉన్న వడ్డీ అయిదేళ్ల దాకా మారదు.

ఎక్కువ ఆశ చూపేవారి దగ్గర పెట్టకూడదు. తెలుగు ఊళ్లకు ఈ పాఠం అగ్రిగోల్డ్ నేర్పింది. ఆ కంపెనీలో లక్షల మంది డబ్బు కట్టారు. 2014, 2015 నాటికి డబ్బు తిరిగి రాక అందరూ రోడ్డెక్కారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో, 2021లో చిన్న మొత్తాలు కట్టినవారికి కొంత చెల్లించింది. పెద్ద మొత్తాలు కట్టినవారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. తెలిసిన ఏజెంటు, మన ఊరి మనిషి అన్న నమ్మకం చాలదు. ముసలితనపు డబ్బుకు వడ్డీ కన్నా భద్రత ముఖ్యం.

కాగితాలు సరిగా ఉన్నాయా?

పింఛను ఆగేది ఎక్కువగా కాగితం దగ్గరే. ఆధార్‌లో ఒక పేరు, పి.ఎఫ్.లో ఇంకో పేరు ఉంటుంది. ఒకచోట పుట్టింటి పేరు, ఒకచోట మెట్టింటి పేరు ఉంటుంది. పుట్టిన తేదీ ఒక్కొక్కచోట ఒక్కో తీరు ఉంటుంది. పని మానే ముందు ఏడాది నుంచే వీటిని సరిచేసుకోవాలి. మిల్లులో ఉన్నప్పుడు యజమాని సంతకం సులువుగా దొరుకుతుంది. బయటికి వచ్చాక తిరగవలసి వస్తుంది.

ఈ అయిదు చూసుకోవాలి.

1. పి.ఎఫ్. నంబరు. దీన్ని యు.ఎ.ఎన్. అంటారు. 12 అంకెలు ఉంటాయి. ఒక మనిషికి ఒకటే ఉండాలి.
2. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో, పి.ఎఫ్.లో, బ్యాంకులో ఒకే విధంగా ఉన్నాయా?
3. మిల్లులో చేరిన తేదీ సరిగా పడిందా? పాత మిల్లులో చేసిన ఏళ్లు కలిశాయా?
4. కోసిన డబ్బు నెలనెలా ఖాతాలో పడుతోందా? పాసుబుక్కు తీయించి చదవాలి.
5. నామినీ పేరు రాశారా?

కోసిన డబ్బు ఖాతాలో పడకపోతే పి.ఎఫ్. ఆఫీసుకు రాసి ఇవ్వాలి. పి.ఎఫ్. ప్రాంతీయ కార్యాలయం కడపలో ఉంది. అంత దూరం పోలేనివారికి ఇంకో దారి ఉంది. 2023 జనవరి నుంచి ప్రతి నెలా 27వ తేదీన జిల్లాల్లోనే పి.ఎఫ్. అధికారులు శిబిరం పెట్టి ఫిర్యాదులు వింటున్నారు. ఎక్కడ పెడతారో మిల్లు ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి. ఒక్కరే పోవడం కన్నా నలుగురు కలిసి పోవడం మంచిది.

58 నిండగానే 10-డి ఫారం పెట్టాలి. బ్యాంకు పాసుబుక్కు, ఆధార్, ఆలుమగల ఫొటో కావాలి. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు శాఖలోనైనా ఈ పింఛను తీసుకునే ఏర్పాటు చేశారు. పింఛను మొదలయ్యాక ఏడాదికి ఒకసారి బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది.

భర్తకు పి.ఎఫ్. ఉంటే

కొందరు అక్కలకు పి.ఎఫ్. ఉండదు. భర్తకు ఉంటుంది. వారు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే భార్యకు అందులో సగం వస్తుంది. సగం 1,000 కన్నా తక్కువైతే 1,000 ఇస్తారు. భర్త పనిలో ఉండగానే చనిపోతే పదేళ్లు నిండాలన్న నియమం లేదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పింఛను హక్కు ఉంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా వేరే పింఛను ఉంది.

అందుకే భర్త పి.ఎఫ్. కాగితంలో తన పేరు, పిల్లల పేర్లు ఉన్నాయో లేదో భార్య తన కళ్లతో చదివి చూసుకోవాలి. అక్షరం నేర్చుకున్నది ఇందుకే.

పి.ఎఫ్. లేని ఆడవాళ్ల సంగతి

పొలం కూలికి పోయేవారికి పి.ఎఫ్. లేదు. వారి కోసం కూడా కట్టే పింఛన్లు వచ్చాయి. 2009లో ఆంధ్రప్రదేశ్‌లో పొదుపు సంఘాల ఆడవాళ్లకు అభయహస్తం వచ్చింది. సభ్యురాలు రోజుకు ఒక రూపాయి కట్టాలి. ప్రభుత్వం ఇంకో రూపాయి కలుపుతుంది. 60 ఏళ్ల తరువాత తక్కువలో తక్కువ నెలకు 500 పింఛను అని చెప్పారు.

ఆ రోజుల్లో వృద్ధుల పింఛను 200. దాని పక్కన 500 పెద్దగా కనిపించింది. 2024లో వృద్ధుల పింఛను 4,000 అయింది. దాని పక్కన 500 ఎనిమిదో వంతు. అంకె అదే, కానీ ధరలు మారాయి. ఈనాడు పెద్దగా కనిపించే అంకె ఇరవై ఏళ్ల తరువాత చిన్నది అవుతుందని దీనివల్ల తెలుస్తుంది.

2015లో కేంద్ర ప్రభుత్వం అటల్ పింఛను యోజన పెట్టింది. 18 నుంచి 40 ఏళ్లలోపు వారు బ్యాంకులో, పోస్టాఫీసులో చేరవచ్చు. 60 తరువాత నెలకు 1,000 నుంచి 5,000 దాకా పింఛను. 20 ఏళ్ల అమ్మాయి 1,000 పింఛనుకు నెలకు 50 రూపాయలు కట్టాలి. 5,000 పింఛనుకు 248 కట్టాలి. 40 ఏళ్లకు చేరితే 5,000 పింఛనుకు నెలకు 1,454 కట్టాలి. ముందు చేరితే భారం ఎంత తక్కువో చూడండి.

50 దాటిన అక్కకు ఈ దారి లేదు. కానీ ఆమె కూతురికి, కోడలికి ఉంది. వారు చేరేటప్పుడు 1,000తో సరిపెట్టుకోకుండా, కట్టగలిగినంత పెద్దది ఎంచుకోవాలి. ఏడాదికి ఒకసారి దాన్ని పెంచుకునే వీలు కూడా ఉంది.

చివరికి లెక్క ఎట్లా తేలింది?

మన అక్క పింఛను 1,800. అది పెరగలేదు. కానీ ఆమె గ్రాట్యుటీ అడిగి తీసుకుంటే 50,000 అప్పు తీరుతుంది. నెలకు 1,000 వడ్డీ మిగులుతుంది. పి.ఎఫ్. డబ్బులో ఒక లక్ష పోస్టాఫీసులో ఉంటే నెలకు 683 రూపాయల లెక్కన వస్తుంది. మూడూ కలిపితే 3,483 రూపాయలు. రేషను బియ్యం ఉంటే, మాత్రలు ఇ.ఎస్.ఐ.లో దొరికితే, కొడుకు ముందు చేయి చాచకుండా ఉప్పూ పప్పూ గడుస్తుంది.

పెద్ద బతుకు కాదు. కానీ 1,800 చూసి ఏడ్చిన రోజు కన్నా దాదాపు రెట్టింపు. ఈ రెట్టింపు ఎవరో ఇచ్చింది కాదు. ముందుగా చదివి, అడిగి, లెక్క వేసుకుంటే వచ్చింది.

సంఘంలో మాట్లాడుకోండి

1. మీ ఊరి నుంచి మిల్లు పనికి పోయేవారు ఎందరు? వారిలో పి.ఎఫ్. ఉన్నవారు ఎందరు?
2. పదేళ్లు నిండకుండా పింఛను డబ్బు తీసుకున్నవారు ఉన్నారా? వారికి ఏం నష్టం కలిగింది?
3. జీతం 8,400, పని 15 ఏళ్లు. పింఛను ఎంత వస్తుంది? లెక్క వేయండి.
4. మీ ఇంట్లో అప్పుకు నెలకు ఎంత వడ్డీ పోతోంది? కాగితం మీద రాయండి.

మూడో ప్రశ్నకు జవాబు: 1,800 రూపాయలు.